దసరా తర్వాత వచ్చిన వణుకు

చిన్నప్పుడు నాకు ఆయాసం. బడికి పంపితే దారిలోనే కూలబడతానని మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు. నా మంచం కిటికీ పక్కన ఉండేది. పద్యాలు అప్పజెప్పడం అయిపోయాక నాకున్న కాలక్షేపమల్లా వీధిలో పోయే బండ్ల చప్పుడు వినడమే. కిర్రుమంటే ఇరుసుకు చమురు లేదు, లొడలొడమంటే సీల వదులైంది. చూడకుండానే చెప్పేదాన్ని. మా అమ్మ వీధిలోకి వెళ్లి చూసొచ్చి "నిజమేనే తల్లీ" అని నవ్వేది. జబ్బుతోపాటు దేవుడు ఈ చెవుల్ని ఎందుకిచ్చాడో నాకు చాలా ఏళ్లు తెలియలేదు. నాచారం వచ్చాక తెలిసింది. అది కూడా ఒక్క శనివారం నాడు, ఒక్క పూటలో.

మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చి నాచారంలో రెండు గదుల వాటాలో అద్దెకున్నాం. మా వారు, మా అత్తయ్య, నేను. మా వారు పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవారు. అది మూతపడింది. మూతపడ్డాక కూడా ఆయన రోజూ అదే వేళకు లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలో కూర్చునేవారు. ఎక్కడికీ వెళ్లేది లేదు. సైరన్ మోగే వేళ దాటాక నెమ్మదిగా లేచి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేవారు. అది చూడలేక నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. కొన్నాళ్లకు దేవుడి దయవల్ల ఒక కారు కొనుక్కోగలిగాం. పోచారంలో ఉన్న పెద్ద ఐటీ క్యాంపస్‌కి ఉద్యోగుల్ని తీసుకెళ్లి తీసుకొచ్చే పనికి దాన్ని పెట్టారు. ఆయన మళ్లీ మనిషయ్యారు. మా పొయ్యి మీద అన్నం ఉడుకుతోందంటే ఆ కారు తిరుగుతున్నందుకే.

ఆ ఏడు దసరా ముందే నాలుగు టైర్లూ కొత్తవి వేయించారు. ఉప్పల్‌లో టైర్ల షాపువాళ్లు ఒక్కో చక్రాన్నీ మిషను మీద తిప్పి, బరువు ఏ పక్క ఎక్కువుందో, ఏ పక్క తక్కువుందో చూసి సరిచేశారట. దాన్ని బ్యాలెన్సింగ్ అంటారని నాకు చెప్పారు.

"ఇక చూడు, నీళ్ల మీద పడవలా పోతుంది" అన్నారు.

నిజంగానే అలాగే పోయింది, పండగ దాకా.

ఆయుధపూజకు బండి కడగడమంటే మా అత్తయ్యకు దేవుడి సామాను తోమడం లాంటిదే. పీట, చెంబు, చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు అన్నీ పట్టుకుని వీధిలోకి వచ్చేసింది.

"ముందు చక్రాలు ముఖం లెక్క. అవి నేను చేస్తాను. వెనకవి నువ్వు చూడమ్మాయ్" అంది.

నాకా రోజు నడుం పట్టేసింది. వెనక చక్రాల మీద నాలుగు చెంబుల నీళ్లు గుమ్మరించి, గుడ్డతో తుడిచి అయిందనిపించాను. ఆవిడ మాత్రం పీట మీద కూర్చుని, గరిటె కాడ పెట్టి మూలమూలలూ గీకి, పీచుతో రుద్ది రుద్ది, సాయంత్రానికి ఆ ఇనప చక్రాలను పూజలో కంచు పళ్లేల్లా చేసింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టాం. వీధి వీధంతా మా కారునే చూసింది.

ఆ పండగకే అత్తయ్య దేవుడి అలమరకు కొత్త తెర కూడా కుట్టింది. మా దేవుడి అలమర సరిగ్గా కిటికీకి ఎదురు. గాలి వచ్చిందంటే పాత తెర లేచి దీపం మీదికి వెళ్లేది. దీపమైనా ఆరిపోవాలి, తెరైనా అంటుకోవాలి. ఎన్నిసార్లు పరిగెత్తుకెళ్లి పట్టుకున్నానో. కొత్త తెర అంచులో ఆవిడ ఏదో బరువు పెట్టి మడిచి కుట్టేసింది. ఏం పెట్టిందో నేనడగలేదు. పాత తాళంచెవులూ, చెల్లని బిళ్లలూ ఆవిడ డబ్బాలో ఎప్పుడూ ఉండేవే. తెర లేవడం మానేసింది. పొద్దున్నే దాన్ని పక్కకు జరిపితే అంచు చెక్కకు తగిలి మొద్దుగా ఒక చప్పుడు వచ్చేది. ఇనుములా ఖంగుమనదు, చెక్కలా ఠక్కుమనదు. తడి మట్టి ముద్దను బల్ల మీద పెట్టినట్టు, అంతే. ఆ చప్పుడు వినగానే 'స్వామీ, ఇవాళ కూడా నీ ముందు నిలబెట్టావు' అనుకుని దీపం వెలిగించేదాన్ని.

పండగ మర్నాడు మొదటి ట్రిప్పులోనే, ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాల కోసం తవ్విన చోట, కారు ఒక గుంతలో దబ్బుమని పడింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా వారు రెండు చేతులూ చాపి చూపించారు.

"స్టీరింగ్ వణుకుతోందే. ఇదిగో, ఇప్పటికీ చేతుల్లో ఉంది ఆ వణుకు."

అందరం ఆ గుంతను తిట్టాం. తిట్టడానికి గుంత ఎదురుగా ఉండగా ఇంకో కారణం ఎవరు వెతుకుతారు?

వణుకు రోజురోజుకూ మా వారి ముఖంలోకి పాకింది. ఎక్కే పిల్లల్లో ఒకమ్మాయి "అంకుల్, ఫోన్‌లో అక్షరాలు రెండ్రెండు కనిపిస్తున్నాయి, మీ కారెక్కితే తలనొప్పి" అందట. ఇంకెవరో ఆఫీసుకే రాశారు. క్యాంపస్‌లో బండ్లు చూసే సూపర్‌వైజరు మా వారిని పక్కకు పిలిచాడు. మంచివాడే పాపం, జనగామ వైపు మనిషి.

"అన్నా, కంప్లైంట్లు మస్తు వస్తున్నయ్. సోమవారం పొద్దుగాల నేనే ఉప్పల్ల ఎక్కుత నీ బండి. పోచారం దాక కూసుంట. వణికితె మాత్రం నన్ను ఏమనొద్దు. వేరే బండి పెట్టుకుంట. లైన్ల మస్తుమంది ఉన్నరు."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పి మా వారు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. నేను ఆ కొక్కెం వైపు చూడలేకపోయాను.

మల్లాపూర్ పోయే దారిలో రేకుల షెడ్డు కింద ఒక మెకానిక్ ఉండేవాడు. మా వారిని అన్నా అంటాడు, నన్ను అక్కా అంటాడు. చేతులు ఎప్పుడూ నల్లగా, నవ్వు తెల్లగా ఉండేవాడు. మా వారు కారు తీసుకెళ్లగానే అతను బానెట్ మీద రెండు చేతులూ వేసి బలంగా కిందికి నొక్కి వదిలాడట. కారు పైకీ కిందికీ ఊగుతూనే ఉంది.

"సూసినవా అన్నా? ఒక్కపారి లేసి ఆగిపోవాలె. ఇది ఉయ్యాల లెక్క ఊగుతుంది. షాకబ్జర్లు ఖతం" అన్నాడట. షాకబ్జర్లు మార్చాడు. స్పీడ్ బ్రేకర్ల మీద టకటకమంటున్న రబ్బరు బుష్‌లు కూడా మార్చాడు. గుంతల్లో కారు బుద్ధిమంతుడిలా నడిచింది. మా వారు సంబరంగా బోడుప్పల్ దాటి హైవే ఎక్కారు. స్పీడు అందుకోగానే, వణుకు! అదే వణుకు, అక్కడే!

శనివారం నేను అన్నం క్యారియర్ పట్టుకుని షెడ్డుకు వెళ్లేసరికి ఇద్దరూ కారుకు చెరో పక్కా నిలబడి దాన్ని చూస్తున్నారు, మాట వినని గేదెను చూసినట్టు.

"అక్కా, నువ్వన్న చెప్పు అన్నకు" అన్నాడు మెకానిక్. "గుంతల్ల కొట్టుకునుడు వేరు, సాఫ్ రోడ్డు మీద వణుకుడు వేరు. మొదటిది నేను పట్టుకున్న, అది పోయింది. రెండోది ఇంక దొరుకుత లేదు. ఇంజన్ల ఉందో, బ్రేకుల ఉందో, చక్రాల్ల ఉందో."

"చక్రాల్లో ఎందుకుంటుంది? పండగ ముందేగా బ్యాలెన్సింగ్ చేయించింది" అన్నారు మా వారు. ఆ మాట ఆయన అప్పటికి చాలాసార్లే అని ఉంటారు. మెకానిక్ ముఖం చూస్తే తెలిసింది.

"సరే అన్నా, చక్రాలు బంద్. గని నీ చేతులు వణుకుకు అలవాటైపోయినయ్. ముంగట నేను నడిపి స్టీరింగ్ సూస్త. ఎనక సీట్ల కూసుని ఎక్కడ ఏమైతుందో చెప్పేటోళ్లు కావాలె. అక్కా, నువ్వెక్కుతవా?"

నేనా! మా సొంత కారే అయినా నేను ఎక్కేది గుడికి వెళ్లేటప్పుడే. అలాంటిది దాని జబ్బు కనిపెట్టడానికి రమ్మంటే! భయం వేసింది, దానికి రెట్టింపు సంబరం వేసింది. సగం తాగిన నీళ్ల సీసాను మెకానిక్ కారు ముందు అద్దం కింద నిలబెట్టాడు. మా వారు అతని పక్క సీట్లో ఎక్కారు. నేను వెనక సీటు మధ్యలో, చెప్పులు విప్పేసి, పాదాలు నేలకు ఆనించి కూర్చున్నాను. కళ్లు మూసుకున్నాను. మంచం మీద పడుకుని బండ్ల చప్పుడు విన్న పిల్ల మళ్లీ వచ్చి నా పక్కన కూర్చున్నట్టే ఉంది.

హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వచ్చేదాకా ఏమీ లేదు. అంతా తవ్విన రోడ్డు, దుమ్ము, హారన్లు. ఆ కుదుపుల్లో ఏ జబ్బయినా దాక్కుంటుంది. బోడుప్పల్ దాటి నారపల్లి వైపు రోడ్డు బాగుపడింది. స్పీడు పెరిగింది.

"వస్తుందా?" అడిగాడు మెకానిక్.

"ఇంకా లేదు... ఇంకా లేదు... ఆఁ! వచ్చింది!"

అద్దం కింద సీసాలో నీళ్లు సన్నగా ఉంగరాలు ఉంగరాలుగా లేచాయి. స్టీరింగ్ పట్టుకున్న అతని మోచేతులు కూడా వణుకుతున్నాయి. నా పాదాల కింద మాత్రం మెల్లగా, దూరంగా ఉంది.

"ముందు నుంచి వస్తోంది తమ్ముడూ. నా దగ్గరికి వచ్చేసరికి పలచబడింది."

"శభాష్. ఇప్పుడు సూడు. క్లచ్ తొక్కి ఇంజన్ను ఇడిసిపెడుతున్న." ఇంజను హోరు తగ్గిపోయింది. కారు దానంతటది దొర్లుకుంటూ పోయింది. వణుకు అలాగే ఉంది.

"ఉందా?"

"ఉంది, ఉంది! ఏమీ తగ్గలేదు!"

"ఐతే ఇంజన్ కాదు!" అని మెకానిక్ స్టీరింగ్ మీద ఒక చరుపు చరిచాడు. మెల్లగా బ్రేకు తాకించాడు. బ్రేకు వల్ల వణుకు పెరగలేదు. "బ్రేకులు కూడ కాదు!"

మా వారు ఇటు తిరిగి నావైపు చూశారు. ఎన్నాళ్లకో ఆయన కళ్లలో వెలుగు.

నారపల్లి దాటాక పొలాల్లో రంగు జెండాలు పాతిన ఒక ఇళ్ల స్థలాల వెంచరు గేటు ముందు చదునైన చోట కారు ఆపాడు. "అన్నా, నువ్వు ఏమన్న అనుకో. ముంగటి చక్రాలు ఎనక్కి, ఎనకవి ముంగటికి ఏస్త. వణుకు ఉన్నకాడనే ఉంటె చక్రాల తప్పు కాదు. చక్రాలెంట పోయిందనుకో, దొంగ దొరికినట్టే."

ఎంత తేలిక! ఎంత అందమైన ఆలోచన! నేను జెండాల నీడన నిలబడి, ఇద్దరూ జాకీ ఎత్తడం, పానాతో బోల్టులు విప్పడం, చక్రాలు దొర్లించుకుపోవడం చూశాను. మనసులో దేవుడికి చెప్పుకుంటూనే ఉన్నాను: ఏదో ఒకటి తేల్చు తండ్రీ, ఆ కొక్కెం మీద చొక్కా మళ్లీ ఊరికే వేలాడకూడదు.

మళ్లీ ఎక్కాం. స్పీడు పెరిగింది. సీసాలో నీళ్లు కదలలేదు. మెకానిక్ మోచేతులు నిశ్చలంగా ఉన్నాయి. ఒక్క క్షణం, పోయిందేమో అనుకున్నాను. అంతలో నా వెన్నులోకి, సీటులోంచి నేరుగా పాకుతూ వచ్చింది.

"ఇప్పుడు నా కింద!" అని అరిచేశాను. "ఏమండీ, నా కింద! ముందున్నది వెనక్కి వచ్చేసింది! చక్రాలతోనే వచ్చింది!"

అంత గట్టిగా నేను మా వారి ముందు ఎప్పుడూ అరవలేదు. ఆయనా అరిచారు. మెకానిక్ హారన్ కొట్టాడు. పక్కన పోయే లారీవాడు ఏమైందోనని తొంగి చూశాడు.

సందు చూసి మళ్లీ ఆపాం. వెనక చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పాడు. పక్కన సుద్దముక్క పట్టుకున్నాడు. తిరిగిన మేరా గీత ఒకేలా పడింది. "రిమ్ము వంగలే." టైరంతా అరచేత్తో తడిమాడు. "ఉబ్బు లేదు." తర్వాత ఏదో తట్టినట్టు ఆగిపోయి, "గీ రెండు చక్రాలు గింత మెరుస్తున్నయేంది?" అన్నాడు.

"పండక్కి తోమాం" అన్నాను.

అతను ముందుకెళ్లి, నేను పైపైన కడిగి వదిలేసిన చక్రాల ముందు కూర్చున్నాడు. అంచును పట్టుకుని ఉన్న బూడిదరంగు ముక్క ఒకటి వేలితో చూపించాడు. "ఇదిగో, సీసం ముక్క. చక్రం ఒక దిక్కు తేలికగుంటె గీ ముక్క కొట్టి తూకం సరిజేస్తరు. గీ రెండింటికి ఉన్నయ్. గా రెండింటికి ఏవి?"

"గుంతలో పడ్డప్పుడు ఊడిపోయి ఉంటాయి" అన్నారు మా వారు.

"ఒకటి ఊడితె ఊడని. రెండు చక్రాలకు బయటి దిక్కువి అన్ని ఒక్కపారి ఊడతయా అన్నా? గిక్కడ గీతలు సూడు. ఎవరో పీకిన్రు."

చెబుతూనే పానాల పెట్టెలోంచి అలాంటి ముక్క ఒకటి తీసి, చూడమని నాకిచ్చి, నేను తిరిగిచ్చాక పెట్టె చెక్క మూత మీద పడేశాడు.

దుబ్.

ఖంగుమనలేదు. ఠక్కుమనలేదు. తడి మట్టి ముద్దను బల్ల మీద పెట్టినట్టు.

"తమ్ముడూ, ఇంకొక్కసారి వెయ్యి."

వేశాడు. రోజూ పొద్దున్నే వింటున్న చప్పుడే! రోజూ దణ్ణం పెట్టుకుంటున్న చప్పుడే!

నవ్వూ వచ్చింది, భయమూ వచ్చింది. పరాయివాడి ముందు అత్తగారి సంగతి ఎలా ఎత్తను? మా వారి దగ్గరికి వెళ్లి మెల్లగా అన్నాను: "దేవుడి తెరలో ఉన్నాయండీ."

"ఏవి?"

"అవే. చక్రాలవి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఎండదెబ్బ తగిలిందనుకున్నారో ఏమో, నీళ్ల సీసా అందించారు.

ఇల్లు చేరేసరికి అత్తయ్య గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను నేరుగా లోపలికెళ్లి తెర అంచు తడిమాను. నాలుగు గట్టి ముక్కలు వేళ్లకు తగిలాయి. వెనకే మెకానిక్ చెప్పులు బయట విడిచి గడప దగ్గర ఆగాడు.

"పెద్దమ్మా, దసరాకు చక్రాలు తోమినవ్ గదా. సీసం ముక్కలేమన్న పీకినవా?"

"పీకక? మురికి! ఎంత రుద్దినా పోదే. ఎక్కడో రోడ్డు మీద తారు అంటుకుని గడ్డకట్టిందనుకున్నా. గరిటె కాడ పెట్టి లాగితే ఊడొచ్చాయి. బరువున్నాయి కదా అని తెరలో కుట్టాను. తప్పా?"

మెకానిక్ నవ్వాపుకోలేక గడప మీద కూలబడ్డాడు. "తప్పా అంటదేంది అన్నా పెద్దమ్మ! నేను షాకబ్జర్లు మార్చిన, బుష్‌లు మార్చిన, ఇంజన్ను అనుమానపడ్డ, బ్రేకుల్ని అనుమానపడ్డ. దొంగ సొమ్ము దేవుని కాడ దాసిపెట్టింది!"

"దొంగ ఏమిటి దొంగ! మా ఇంటి బండి, మా ఇంటి చక్రం" అని అత్తయ్య చిక్కుడుకాయల చేట పక్కకు నెట్టింది. అప్పుడు మా వారు సోమవారం సంగతి చెప్పారు. ఆవిడకు అంతవరకూ చెప్పలేదు. కంగారు పడుతుందని. ఆవిడ కొక్కెం మీది చొక్కాను ఒకసారి చూసింది. నేను చూసే చూపే. ఆవిడ కూడా దాన్ని చూస్తూ బతికిందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఆ కత్తెర ఇలా తే. కుట్లు విప్పుతాను" అంది.

"వద్దు పెద్దమ్మా. గవి దేవునికే ఉండని" అన్నాడు మెకానిక్. "ఎక్కడి ముక్క ఎక్కడ పెట్టాల్నో మళ్ల మిషనే చెప్పాలె. కొత్తవి కొట్టిస్తం. గని జల్ది పోవాలె, రేపు ఆదివారం షాపు బందుంటది."

అత్తయ్య లేచి చెప్పులేసుకుంది. "నేనూ వస్తాను."

ఉప్పల్‌లో టైర్ల షాపు దగ్గర దిగేసరికి కరెంటు పోయింది. ఆ రోజుల్లో కోతలు అలాగే ఉండేవి. మిషను మూగగా నిలబడి ఉంది. షాపతను వాచీ చూసుకుని, "వస్తె చేస్త, లేకుంటె సోమవారం రాండ్రి" అన్నాడు. సోమవారం! ఆ మాట వినగానే అత్తయ్య ఒక పాత టైరు మీద కూర్చుని పెదవులు కదపడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చున్నాను. ఎదురుగా మెట్రో స్తంభాలు సగం సగం లేచి ఉన్నాయి. రోడ్డు మీద జై తెలంగాణ అంటూ స్కూటర్ల ఊరేగింపు పోతోంది.

అత్తయ్య జపం ఆపి మెకానిక్ వైపు తిరిగింది. "ఏమయ్యా, మీ రాష్ట్రం వచ్చాక మమ్మల్ని పొమ్మంటారా?"

"నిన్ను పోనిస్తమా పెద్దమ్మా?" అన్నాడు వెంటనే. "నువ్వు పోతె నా షెడ్డు నడుస్తదా? ఏటా దసరాకు నువ్వు గరిటె పట్టుకుని ఉప్పల్ అంత తిరగాలె. గిరాకి నీదే, పని నాది."

షాపతను, మా వారు, దారిన పోయేవాళ్లూ అందరూ నవ్వారు. అత్తయ్య కోపం నటించబోయి ఆగలేక తనూ నవ్వింది. ఆ నవ్వులోనే పైన ట్యూబులైటు కొట్టుకుని కొట్టుకుని వెలిగింది.

మిషను మీద చక్రం గిర్రున తిరిగింది. ఎర్రటి అంకెలు వచ్చాయి. షాపతను చూసి "అబ్బో" అన్నాడు. పెద్ద ముక్కలు తీసి సుత్తితో అంచుకు కొట్టాడు. మళ్లీ తిప్పాడు. ఈసారి రెండు పక్కలా సున్నాలు. రెండో చక్రానికీ అంతే. ఏమీ మిగలకపోవడంలో ఇంత ఆనందం ఉంటుందని ఆ సున్నాలు చూశాకే తెలిసింది. షాపులో గోడకున్న దేవుడి పటానికి చేతులు జోడించాను.

సంధ్య వేళకు మళ్లీ నారపల్లి రోడ్డు. ఈసారి మా వారే నడిపారు. మెకానిక్ పక్కన, నేనూ అత్తయ్యా వెనక. మామూలుగా ఆవిడ కారెక్కిందంటే పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని, ఇల్లు చేరేదాకా వదలదు. స్పీడు అందుకుంది. వణుకు వచ్చే చోటు వచ్చింది. దాటిపోయింది. నేను పాదాలతో వెతికాను, వెన్నుతో వెతికాను. ఏమీ లేదు. రోడ్డు మెత్తగా కింది నుంచి జారిపోతోంది.

"అక్కా, ఉందా?"

నేను పెదవుల మీద వేలు పెట్టుకున్నాను. అద్దంలోకి చూడమని సైగ చేశాను. మా అత్తయ్య పిడి వదిలేసి, తల నా భుజం మీద వాల్చి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది.

మా వారు అద్దంలో అటే చూస్తూ చాలా దూరం అలాగే నడిపారు. వెనక్కి తిప్పాలన్న సంగతి ఎవరమూ ఎత్తలేదు.

సోమవారం ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లారు. నేను తెర ముందు కూర్చుని దీపం వంక చూస్తూ ఉన్నాను. ఫోన్ మోగింది.

"ఏమైందండీ? ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఉప్పల్‌లో ఎక్కగానే ఇంటికి ఫోన్ చేశాడు. పిల్లకు జ్వరమట. దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. క్యాంపస్ గేటు దగ్గర ఆపితే తలెత్తి చూసి 'అరె, అప్పుడే వచ్చినమా?' అన్నాడు. దిగిపోయాక గుర్తొచ్చి వెనక్కొచ్చి, 'వణుకేది అన్నా?' అని అడిగాడు. 'మీరే చెప్పాలి సార్' అన్నాను. నవ్వి, సాయంత్రం ట్రిప్పు కూడా నాకే రాసి పోయాడు."

ఫోన్ పెట్టి తెరను పక్కకు జరిపాను. దుబ్, దుబ్. ఆ చప్పుడులో దేవుడు మా కారు సంగతి ఇన్నాళ్లూ చెబుతూనే ఉన్నాడు, వినమని ఈ చెవులూ ఇచ్చి ఉంచాడు. ఆయాసం ఇచ్చినందుకు కూడా ఆ పొద్దు దండం పెట్టుకున్నాను.

మరుసటి దసరాకు మా పక్క వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి వాళ్ల కారు కడుగుతోంది. కొబ్బరి పీచుతో చక్రం రుద్దుతూ, అంచుకున్న ముక్క దగ్గర ఆగి, గోరుతో గీకబోయింది. మా అత్తయ్య పీట మీదనుంచే కేకేసింది.

"ఆగాగు! దాని జోలికి పోకమ్మాయ్. మురికి కాదది, చక్రానికి మెట్టె. తోమేటప్పుడు మెట్టెలు ఊడదీసుకుంటామా ఏమిటి?"

అని లేచి, కుంకుమ భరిణె పట్టుకెళ్లి, ఆ సీసం ముక్క మీద శ్రద్ధగా చిన్న బొట్టు పెట్టింది.